స్క్రూడ్రైవర్ పట్టే ముందు: పాత సైనిక రైఫిల్‌ను విప్పడం, కాపాడుకోవడం

అందరికీ నమస్కారం. పాత ఆయుధాల గురించి మాట్లాడమంటే చాలామంది యుద్ధ చరిత్రతో మొదలుపెడతారు. నేను ఈ రోజు ఆ జోలికి పెద్దగా పోను. బల్ల మీద పెట్టిన రైఫిల్‌ను ఎంతవరకు విప్పాలి, ఎక్కడ ఆగాలి, దేనితో తుడవాలి, దేన్ని ముట్టుకోకూడదు, అంతవరకే చెబుతాను. నాది కాస్త మొండి అభిప్రాయమని ముందే ఒప్పుకుంటున్నాను. సైన్యాలు మిగులు కింద అమ్మేసిన బోల్ట్ రైఫిళ్లలో, అంటే బోల్ట్ అనే ఉక్కు కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసి తూటా ఎక్కించేవాటిలో, యుద్ధంలో పాడైనవాటికంటే, ఆ తర్వాత యజమాని బల్ల మీద పాడైనవే నా కంట ఎక్కువగా పడ్డాయి. బురదనూ మంచునూ తట్టుకున్న రైఫిల్ సరిపడని స్క్రూడ్రైవర్‌ను తట్టుకోలేకపోయింది.

చట్టం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు లైసెన్సు నిబంధనలు ముందు, రైఫిల్ తర్వాత. ఇక భద్రత. బోల్ట్ తెరవండి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు నింపే మ్యాగజైన్ అడుగు పలక తెరిచి, లీ-ఎన్‌ఫీల్డ్ అయితే మ్యాగజైన్‌నే ఊడదీసి, లోపల తూటా లేదని నిర్ధారించుకోండి. పని చేసే గదిలో తూటాలు ఉండకూడదు, పక్క గదిలో పెట్టండి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ వరుస మారదు. అనుభవం ఉన్నవాళ్లే దీన్ని వదిలేస్తారు కాబట్టి మరీ గట్టిగా చెబుతున్నాను.

మనకు ఎక్కువగా ఎదురయ్యేవి మూడు కుటుంబాలు. 1891లో రష్యా స్వీకరించిన మోసిన్-నగాన్, దాని 1930 నాటి రూపం 91/30. జర్మన్ల మౌజర్, అంటే 1898 నాటి గెవేర్ 98, 1935లో వచ్చిన కురచ రూపం కె98కె. మూడోది బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్, అందులో 1907 నాటి మార్క్ త్రీ, తర్వాతి నంబర్ ఫోర్. మూడింటికీ బోల్ట్ ఉంది, మ్యాగజైన్ ఉంది, చెక్క ఉంది. కానీ ఒకదాని పద్ధతి తెలిసిందని ఇంకొకదాని మీద చెయ్యి వేస్తే ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

విప్పడం గురించి నా సూత్రం ఇది. బోల్ట్, మ్యాగజైన్ అడుగు పలక, ఈ రెండూ ఎన్నిసార్లయినా విప్పవచ్చు. సైనికుడు రోజూ విప్పినవే అవి, అందుకు తగ్గట్టే తయారయ్యాయి. ఉక్కు భాగాన్ని చెక్కలోంచి పైకి ఎత్తడం మాత్రం రైఫిల్ మీ చేతికి వచ్చిన కొత్తలో ఒకసారి చేయాలి, ఆ తర్వాత బలమైన కారణం ఉంటేనే. ఒకసారైనా ఎందుకంటే, చెక్క అంచు పైన నిగనిగలాడే బ్యారెల్ అదే అంచు కింద గుంటలు పడి ఉండవచ్చు. బయట కనిపించే భాగాన్ని అందరూ తుడిచారు, కింది భాగాన్ని ఎవరూ చూడలేదు. ఇక బ్యారెల్‌ను రిసీవర్‌లోంచి, అంటే బోల్ట్ కదిలే ఉక్కు చట్రంలోంచి విప్పడం, గురి చూసే సైట్లు కదపడం, తూటా తొడుగును బయటికి లాగే మౌజర్ పొడుగాటి ఎక్స్‌ట్రాక్టర్‌ను ఎత్తి పీకడం, ఇవి మనం చేసే పనులు కావు. ఆ ఎక్స్‌ట్రాక్టర్‌ను లివరు పెట్టి పైకి లేపబోతే సాగిపోతుంది, లేదా విరుగుతుంది.

ముందు స్క్రూడ్రైవర్ సంగతి చూద్దాం. ఇంట్లో సామాన్ల పెట్టెలో ఉండే స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా పలచబడుతుంది. దాన్ని గాడిలో పెడితే గాడి పై అంచుల మీదే బలం పడుతుంది. దశాబ్దాలుగా గ్రీజు గట్టిపడి బిగుసుకున్న స్క్రూను దానితో తిప్పితే అంచు లేచిపోతుంది, స్క్రూడ్రైవర్ జారుతుంది, పక్కన ఉక్కు మీద ఒక గీత పడుతుంది. తుపాకీ పనికి వాడే స్క్రూడ్రైవర్ కొన రెండు వైపులా సమాంతరంగా ఉంటుంది, గాడి అడుగుదాకా దిగుతుంది, వెడల్పు స్క్రూ తలతో సమానంగా ఉంటుంది. బిగుసుకున్నదానికి ముందు రోజు రాత్రే చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క వేయండి. మర్నాడు స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిలబెట్టి తల మీద చిన్న సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి, ఆపైన తిప్పండి. కె98కె అడుగు స్క్రూల పక్కన ఇంకా చిన్న స్క్రూలు కనిపిస్తాయి. పెద్దవి కదలకుండా పట్టి ఉంచడానికే అవి ఉన్నాయి. వాటిని ముందు తీయకుండా పెద్దవాటితో కుస్తీ పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మోసిన్ బోల్ట్‌ను దగ్గరగా చూద్దాం. దీన్ని ఇంత సులువుగా విప్పగలగడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. బోల్ట్ తెరిచి వెనక్కి లాగండి, ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కి పట్టండి, బోల్ట్ వెనక నుంచి చేతిలోకి వచ్చేస్తుంది. వెనక గుండ్రటి గుబ్బ ఉన్న భాగం కాకింగ్ పీస్. దాన్ని గట్టిగా వెనక్కి లాగి ఎడమ వైపు తిప్పితే లోపలి స్ప్రింగు చాలావరకు సడలుతుంది. తర్వాత ముందున్న బోల్ట్ తలనూ, దాని వెంట ఉండే పొడుగాటి పట్టీనీ ముందుకు లాగితే ఊడి వస్తాయి. ఇక మిగిలింది ఫైరింగ్ పిన్, తూటా వెనక కొట్టి పేల్చే సూది. రైఫిల్‌తో పాటు ఇచ్చే చిన్న ఉక్కు పనిముట్టును పిన్ చదును భాగానికి తగిలించి, కాకింగ్ పీస్‌లోంచి మర విప్పాలి. స్ప్రింగు ఇంకా కొంత నొక్కుకునే ఉంటుంది. పిన్ మొనను చెక్క ముక్క మీద ఆనించి, బోల్ట్‌ను నిలువుగా కిందికి నొక్కుతూ విప్పండి, ముఖం పక్కకు పెట్టండి.

తిరిగి బిగించేటప్పుడే అసలు శ్రద్ధ కావాలి. ఫైరింగ్ పిన్ వెనక చివర ఒక గీత ఉంటుంది, కాకింగ్ పీస్ వెనక కూడా గీతలు ఉంటాయి. పిన్ చివర కాకింగ్ పీస్ అంచుతో సమానంగా రావాలి, గీతలు ఒకే వరుసలో కుదరాలి. అంతటితో అయిపోలేదు. ఆ చిన్న పనిముట్టు అంచులో రెండు గాట్లు ఉంటాయి, పక్కన 75, 95 అని అంకెలు ఉంటాయి. అవి అంగుళంలో వెయ్యో వంతులు, మిల్లీమీటర్లలో చెప్పాలంటే సుమారు 1.9, 2.4. బోల్ట్ తల ముఖం మీద పనిముట్టు ఆనించి జరిపితే పిన్ మొన 75 గాటులో తగలాలి, 95 గాటులో తగలకుండా దాటాలి. 75లోనూ తగలకుండా దాటిపోతే పిన్ పొట్టిగా ఉన్నట్టు, తూటా పేలకపోవచ్చు. 95లో తగిలితే పొడుగు ఎక్కువైనట్టు, తూటా వెనకుండే చిన్న పేలుడు మూత, అంటే ప్రైమర్, చిల్లుపడి వేడి వాయువు వెనక్కి, మీ కంటి వైపు వస్తుంది. పంతొమ్మిదేళ్ల సిపాయి కందకంలో కూర్చుని సరిచూసుకునే కొలత ఇది. గీతలు కలిశాయి కదా అని దీన్ని ఎగవేయకండి. పిన్‌లూ కాకింగ్ పీసులూ మరమ్మతు కేంద్రాల్లో చేతులు మారి ఉంటాయి, గీత ఒకలా చెప్పి కొలత ఇంకోలా రావచ్చు.

మౌజర్‌లో దారి వేరు. రైఫిల్‌ను కాక్ చేసి, అంటే పిన్ స్ప్రింగును బిగించి ఉంచి, వెనక ఉన్న సేఫ్టీ రెక్కను నిట్టనిలువుగా నిలబెట్టాలి. మూడు స్థానాల్లో మధ్యది విప్పడానికే ఉంది. ఎడమ వైపు బోల్ట్ స్టాప్‌ను బయటికి లాగి బోల్ట్ తీయండి. బోల్ట్ వెనక తొడుగైన స్లీవ్ పక్కనున్న చిన్న మీటను నొక్కుతూ వెనక భాగాన్ని తిప్పితే పిన్, స్ప్రింగు, కాకింగ్ పీస్ మొత్తం ఒకే ముక్కగా బయటికి వస్తాయి. మామూలు శుభ్రతకు అక్కడితో ఆగిపోవచ్చు. ఇంకా విప్పాలంటే కె98కె భుజానికి ఆనే చెక్కలో ఒక గుండ్రటి ఉక్కు బిళ్ల చూసే ఉంటారు. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు, కొందరు పటాలం గుర్తు వేసే చోటు అనుకుంటారు. దాని మధ్య రంధ్రంలో ఫైరింగ్ పిన్ మొనను దించి, స్లీవ్‌ను కిందికి నొక్కి, కాకింగ్ పీస్‌ను పావు చుట్టు తిప్పి తీయడానికి పెట్టిన ఏర్పాటు అది. పనికి కావలసిన బల్లను సైనికుడి భుజానికే తగిలించారు.

లీ-ఎన్‌ఫీల్డ్ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చెక్కలు పగిలేది ఇక్కడే. మార్క్ త్రీ వెనక చెక్కలో పొడవునా ఒక పెద్ద మర బోల్టు ఉంటుంది (తూటా ఎక్కించే బోల్ట్ కాదు), అదే ఆ చెక్కను ఉక్కుకు బిగిస్తుంది. మడమ పలక దగ్గర మూత తెరిచి పొడవైన స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పవచ్చు. తిప్పవచ్చు కదా అని తిప్పారంటే ముందు చెక్క చీలుతుంది. ఆ బోల్టు ముందు చివర చతురస్రంగా ఉంటుంది, అది ముందు చెక్క వెనక అంచులో అమర్చిన చిన్న ఉక్కు పలకలోకి దూరి ఉంటుంది. బోల్టు తనంతట తాను వదులు కాకూడదని చేసిన అమరిక అది. మీరు బోల్టు తిప్పితే ఆ చతురస్రం పలకను తిప్పబోతుంది, పలక చెక్కను రెండుగా చీలుస్తుంది. కాబట్టి ముందు చెక్క పూర్తిగా ఊడాకే వెనక చెక్క. ఈ వరుస తప్పకూడదు. ముందు చెక్క తీసేటప్పుడు కూడా మెల్లగా తీయండి. బ్యారెల్ కింద చిన్న స్ప్రింగూ దాని మీద చిన్న మేకులాంటి ముక్కా ఉంటాయి, అవి దొర్లిపోయి బల్ల కింద మాయమవుతాయి. ఒక పెద్ద తెల్ల గుడ్డ పరిచి పని చేస్తే చాలు.

ఇంకో సంగతి. ఈ రైఫిల్‌లో వెనక్కి తన్నే దెబ్బను ముందు చెక్క లోపలి రెండు చిన్న ముఖాలు మోస్తాయి. చెక్క ఎండి కుంచించుకుపోయి అక్కడ సందు పడితే, పేల్చిన ప్రతిసారీ ఉక్కు కాస్త పరుగెత్తి వచ్చి చెక్కను గుద్దుతుంది. పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఊరికే విప్పి బిగిస్తుంటే ఆ అమరిక ఇంకా వదులవుతుంది. అందుకే అస్తమానం విప్పొద్దంటున్నాను, చాదస్తంతో కాదు.

ఇక శుభ్రత. గిడ్డంగుల్లోంచి వచ్చిన రైఫిల్ నిండా జిగట గ్రీజు ఉంటుంది, పెట్రోలియం మైనం లాంటిది. వేడికి అది కరుగుతుంది, అదే మనకు ఆసరా. చెక్కలోంచి కారాలంటే నల్లటి సంచిలో చుట్టి ఎండలో పెట్టడం నెమ్మదైన పనే కానీ చెక్కకు హాని లేదు. ఓవెన్లూ మంటలూ వద్దు. ఉక్కు భాగాలకు కిరోసిన్ లేదా మినరల్ స్పిరిట్స్, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా. పెట్రోలు మాత్రం ఎవరు చెప్పినా వాడకండి. బోల్ట్ లోపలి గొట్టాన్ని, ఛాంబర్‌ను వదలకుండా శుభ్రం చేయండి. మోసిన్ బోల్ట్ కొన్ని తూటాలు కాల్చాక తెరుచుకోనని మొండికేస్తుందని అందరూ అంటుంటారు కదా, చాలాసార్లు కారణం ఛాంబర్ గోడలకు అంటుకున్న ఈ పాత గ్రీజే. బ్యారెల్ వేడెక్కగానే అది జిగురవుతుంది, తూటా తొడుగు అతుక్కుంటుంది. రైఫిల్‌ను తిట్టడం మాని ఛాంబర్‌కు సరిపడే లావు బ్రష్షుతో తోమండి.

పాత సైనిక తూటాలు పేల్చేవాళ్లు ఈ మాట జాగ్రత్తగా వినాలి. వాటిలో చాలావాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలగానే అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, అంటే ఒక రకం ఉప్పు. ఆ ఉప్పు బ్యారెల్ గాడుల్లో కూర్చుని గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువున్న రాత్రి ఒక్కటి చాలు, తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. నూనె పూసి పక్కన పెట్టినవాడు ఉప్పును నూనె కింద భద్రంగా దాచినట్టే. వేడి నీళ్లు వెనక నుంచి బ్యారెల్‌లోకి పోయండి, బోల్ట్ ముఖాన్నీ కడగండి, పొడి గుడ్డలతో పూర్తిగా ఆరబెట్టండి, ఆ తర్వాతే నూనె. బ్రిటిష్ సైనికులు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసింది ఇందుకే. అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రావణం ఉప్పును విరిచేస్తుందని ఒక నమ్మకం ఉంది. అందులో పని చేసేది నీళ్లే. అమ్మోనియా తూటా వదిలిన రాగిని కరిగిస్తుంది, గుడ్డ మీద నీలి ఆకుపచ్చ మరక వచ్చేది అందుకే. అది వేరే పని. ఆ ద్రావణాన్ని ఎక్కువసేపు లోపల వదిలేయకూడదు.

తుడిచే కడ్డీని వీలైనంత వరకు వెనక నుంచే దించండి. ఈ మూడింటికీ బోల్ట్ తీసేస్తే దారి తిన్నగా ఉంటుంది, ముందు నుంచి పొడవాల్సిన అవసరమే లేదు. తూటా చివరిగా వదిలే చోటు బ్యారెల్ మూతి అంచు. అక్కడ గాడులు ఒక పక్క అరిగితే గురి దెబ్బతింటుంది. సోవియట్ మరమ్మతు కేంద్రాలు అలా అరిగిన మోసిన్‌ల మూతిని కొంత లోతు వరకు వెడల్పుగా తొలిచి, అరగని గాడులు మొదలయ్యే చోటికి అంచును జరిపాయి. మూతిలోకి చూస్తే ముందు కొంత దూరం గాడులు లేకుండా నున్నగా కనిపిస్తే అదే. ఇంకొకటి, పేల్చే ముందు ఛాంబర్‌లో నూనె మిగలకుండా పొడి గుడ్డతో తుడవండి. నూనె ఉంటే తూటా తొడుగు గోడను పట్టుకోలేదు, ఆ తోపుడంతా బోల్ట్ మీద పడుతుంది.

చెక్క గురించి. గరుకు కాగితంతో రుద్దకండి. తనిఖీ ముద్రలు పోతాయి, చెక్క ఉక్కు అంచుకంటే కిందికి దిగిపోతుంది, తిరిగి రాదు. నొక్కు పడితే తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆవిరితో కొంత పైకి లేస్తుంది, ముద్రలున్న చోట అదీ వద్దు. మరమ్మతు చేసిన మోసిన్‌ల మీద లక్క వార్నిష్ ఉంటుంది, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌కు అవిసె నూనె, చేత్తో పలచగా రుద్దాలి, పూట పూట కాదు. ఆ నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: రిసీవర్ మీద నంబరు ఒకటి, బోల్ట్ మీద ఇంకొకటి ఉంది. వాడవచ్చా అండీ?

అలంకారానికైతే ఫరవాలేదు. పేల్చాలంటే ముందు హెడ్‌స్పేస్ చూడాలి, అంటే బోల్ట్ మూసినప్పుడు తూటాకు లోపల మిగిలే సందు. మోసిన్ తూటాకూ, లీ-ఎన్‌ఫీల్డ్ వాడే .303 తూటాకూ ఆ ఆధారం వెనక అంచు మీద, మౌజర్‌కు తూటా భుజం మీద. ఆ సందును కొలిచే గో, నో-గో గేజీలు ఉన్న తుపాకీ మిస్త్రీ దగ్గరకు తీసుకెళ్లండి. నంబర్ ఫోర్‌కు బోల్ట్ తలలే 0 నుంచి 3 వరకు వేర్వేరు పొడవుల్లో చేశారు, సరిదిద్దే వీలుంది. నంబర్లు కలిసినా గేజీ చూడాలి. మరమ్మతు కేంద్రంలో పాత నంబరు కొట్టేసి కొత్తది చెక్కినవి చాలా ఉన్నాయి, అంకె కలిసినంత మాత్రాన భాగాలు కలిసి పుట్టినట్టు కాదు.

ప్రశ్న: రంగు బాగా వెలిసిపోయింది, మళ్లీ నల్లగా బ్లూయింగ్ చేయించనా?

నేనైతే చేయించను. మీ రైఫిల్, మీ ఇష్టం. (నవ్వులు) వెలిసిన రంగు ఎవరికీ హాని చేయదు. ఎర్రగా పొడి రాలే తుప్పు చేస్తుంది. అతి సన్నటి ఉక్కు పీచుకు నూనె పట్టించి, చాలా తేలికగా, తుప్పు ఉన్న మేరకే రుద్దండి. నల్లటి పాత పొర కదలకుండా ఎర్రది మాత్రమే వదులుతుంది. గుంటలు ఉంటే ఉండనివ్వండి, వాటిని సమం చేయాలంటే చుట్టుపక్కల ఉక్కును అరగదీయాలి.

ప్రశ్న: నా దగ్గరున్న లీ-ఎన్‌ఫీల్డ్ మీద డీపీ అని ముద్ర ఉంది.

అది కవాతుకు కేటాయించిన రైఫిల్. పేల్చడానికి పనికిరాదని సైన్యమే ముద్ర కొట్టింది. విప్పి బిగించడం నేర్చుకోవడానికి వాడండి, తూటా మాత్రం పెట్టకండి.

ప్రశ్న: ఎలా దాచాలి? తోలు సంచి ఉంది నా దగ్గర.

తోలు సంచిలో వద్దు. తోలును పదును చేసిన రసాయనాలూ, అది పట్టి ఉంచే తేమా ఉక్కును తింటాయి. స్పాంజి అమర్చిన పెట్టె కూడా ప్రయాణానికే, నెలల తరబడి ఉంచడానికి కాదు. మూతికి గుడ్డ కుక్కి పెట్టే అలవాటు కొందరికి ఉంది, లోపల తేమ చిక్కుకుంటుంది, మర్చిపోయి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. పలచగా నూనె రాసి, తాళం వేసిన బీరువాలో, సిలికా జెల్ పెట్టి, వీలైతే మూతి కిందికి వచ్చేలా నిలబెట్టండి. మూతి పైకి ఉండేలా పెడితే బ్యారెల్‌లోని మిగులు నూనె జారి వెనక చెక్కలోకి దిగుతుంది, కొన్నేళ్లకు అక్కడి చెక్క నల్లబడి మెత్తబడుతుంది. బోల్ట్ విడిగా ఇంకో తాళం కింద ఉంచండి. వానాకాలంలో నెలకోసారి బయటికి తీసి ఒక గుడ్డ ముక్క లోపలికి పంపి చూడండి, ఎర్రగా వస్తే ఆ రోజే పని మొదలుపెట్టండి.